సజ్జ మీది ఫోను

రెండు రోజుల డ్యూటీ దిగి మెట్టుగూడ రైల్వే క్వార్టర్‌కు వచ్చాడు లోకో పైలట్ ఓంప్రకాశ్. భార్య రజిత స్నానానికి వెళ్లగానే స్టూలెక్కి, వంటింటి సజ్జ మీద పచ్చడి జాడీల వెనక దాచిన పాత ఫోన్ తీశాడు. తను రైలెక్కాక ఇంటికి ఎవరొస్తున్నారో పట్టుకోవాలని నెల కిందట పెట్టిన కెమెరా అది.

స్టూలు మీదే నిలబడి రికార్డింగు తిప్పి చూశాడు. సిలిండర్ అతను వస్తే రజిత వంటింట్లోంచి కనబడే వీధి తలుపు బార్లా తీసి, అతను వెళ్లేదాకా బయటే నిలబడింది. అన్నం ఒక్కతే, కెమెరాకు ఎదురుగా కూర్చుని తిన్నది. ఈసారి కూడా తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా అనుమానం తీరలేదు. ఇంత జాగ్రత్తగా ఎవరుంటారు?

ఇన్నాళ్లూ పట్టించుకోని అంకె ఒకటి అప్పుడు కంటబడింది. చార్జింగ్ తొంభై ఆరు.

ఒక్క పూట ఆగని బ్యాటరీ అది. తను పోయి రెండు రోజులైంది.

"నేనే పెడుతున్న."

వెనక రజిత తల తుడుచుకుంటూ నిలబడి ఉంది. గొంతులో కోపం లేదు.

"మధ్యల బంద్ అయితే, ఆ గంట నేనేం చేసిన్నో అని మళ్ల పరేషాన్ అయితరు."

చేయి చాచి ఫోన్ తీసుకుంది. కెమెరా అద్దం మీద పేరుకున్న తాలింపు జిడ్డును తువ్వాలుతో తుడిచి, తిరిగి అతని చేతికే ఇచ్చింది.