ఎనిమిది మందికి మాత్రమే

డయాలసిస్‌కి రైల్లో విశాఖ వెళ్లొచ్చే ఎనిమిది మంది ఉద్దానం కిడ్నీ రోగులు, మెట్లు ఎక్కలేకపోతున్నాం, స్టేషన్‌కి లిఫ్టు పెట్టించండి మహాప్రభో అని అర్జీ పెట్టారు. సంతకాలు చేయించింది వాళ్లలో ఒకడైన డిల్లేశ్వరరావు, దమయంతి భర్త. లిఫ్టు వచ్చింది, రిబ్బన్ కత్తిరించారు. అప్పటికి ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఆ రాత్రి ఆఖరి బండి దిగి దమయంతి ఒక్కతే లిఫ్టు ఎక్కింది. తలుపులు మూసుకోలేదు. బరువు ఎక్కువైందంటూ బజర్ మోగింది. చేతిసంచి బయట పెట్టింది. అయినా మోగుతూనే ఉంది. గోడ మీద రాత చూసింది: ‘ఎనిమిది మందికి మాత్రమే’.

మెల్లిగా బయటికి వచ్చింది. బజర్ ఆగిపోయింది.

“ఇన్నాళ్లకి వొచ్చింది గదా, మీరే ఎల్లండి,” అంది. “నాకింకా కాళ్లాడతన్నాయి. నాను మెట్లెక్కి వొత్తాన్లే.”

తలుపులు మూసుకున్నాయి. ఎవరూ బటన్ నొక్కకుండానే లిఫ్టు పైకి కదిలింది.