బానెట్‌కు తాళం

"రెండిట్ల ఏది బిగియ్యాల్నో నువ్వే చెప్పు కాకా," అంటూ అనిల్‌కుమార్ తన షెడ్డులో రెండు కొత్త డబ్బాలు బల్ల మీద పెట్టాడు.

పిచ్చయ్య డబ్బాల వైపు చూడలేదు, అనిల్ మొహం వైపు చూశాడు. భద్రాచలంలో ఇంత పేరున్న మెకానిక్ ఇంత నవ్వుతూ ఎందుకు అడుగుతున్నట్టు? చాయ్‌లో చక్కెర తక్కువైతే ఎవరో దాచారని, ఎక్కువైతే ఎవరో మందు పెట్టారని అనుకునే మనిషి పిచ్చయ్య.

బొగ్గు గనిలో రిటైరయ్యాక కొన్న పాత జీపు ఆయనది. దాంట్లో యాత్రికులను పర్ణశాలకు తిప్పుతాడు. జీపు ఇంజను పొగ కక్కి కక్కి చేతులెత్తేస్తే, యాక్సిడెంట్లో నుజ్జయిన కొత్త కారు ఇంజను ఒకటి తెచ్చి అనిల్ అందులో బిగించాడు. అయితే ఆ ఇంజను ఊరికే తిరగదు. ఎప్పుడు ఎంత డీజిలు పోవాలో చెప్పే చిన్న కంప్యూటర్ డబ్బా ఒకటి దాని పక్కనే ఉండాలి. "ఇది బండికి మెదడు కాకా, పైలంగ చూసుకో," అని అనిల్ మొదటిరోజే చెప్పాడు.

ఆ మెదడు వారం తిరక్కముందే చచ్చింది. ఇది ఎవడో బానెట్ ఎత్తి చేసిన పనేనని పిచ్చయ్య తేల్చేశాడు. రెండో డబ్బా పెట్టించాక బానెట్‌కు ఇంటి తాళమంత తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. దాన్ని చూడ్డానికి జీపుల అడ్డా అంతా కదిలి వచ్చింది. "జీపుకు మెదడొచ్చింది, ఇగ నీకెప్పుడు వెట్టిస్తవ్ బావా?" అన్నాడు పక్క జీపు చందర్. వాడు పిచ్చయ్య భార్య బతుకమ్మకు సొంత తమ్ముడు.

రెండో డబ్బా కూడా చచ్చింది. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

శ్రీరామనవమి దగ్గర పడుతోంది. ఏడాది తిండి ఆ జనం మీదే. మూడోది కూడా పోతే ఇంకోటి కొనే తాహతు లేదు. జీపును తుక్కు కింద తూకానికి వెయ్యాల్సిందే.

"నీ సామానే నాసిరకం కావచ్చు," అన్నాడు పిచ్చయ్య.

అనిల్‌కు రోషం వచ్చింది. చచ్చిన డబ్బాను విప్పి ముందు పెట్టాడు. లోపల గోధుమరంగు జిగురు, అందులో అతుక్కుని ఎండిపోయిన చీమలు.

"సూడు. ఎవడో తియ్యటిదేందో పోసిండు."

పిచ్చయ్య తల మెల్లగా వాకిలి వైపు తిరిగింది. చచ్చిన జీపును తాడు కట్టి లాక్కొచ్చింది చందరే. బయట నీడన నిలబడి, ఎప్పుడూ చేతిలో ఉండే చెరుకు రసం సీసాను గుటక గుటకగా ఖాళీ చేస్తున్నాడు. పిచ్చయ్య కేకేస్తే నవ్వుతూ లోపలికొచ్చాడు.

"పర్ణశాల కాడ నేను గోదాట్ల మునిగేటప్పుడు నా చొక్కా, తాళంచెవి ఎవ్వని చేతిల ఉన్నయ్ రా?"

"నా చేతిలనే. నీళ్లల్ల పడిపోతదని నువ్వే ఇస్తివి గద."

"మొదటి డబ్బా అప్పుడు గూడ నువ్వే ఉన్నవ్."

"నువ్వు రమ్మంటెనే వచ్చిన బావా. కొత్త సామాను పడితే దేవునికి మొక్కంది గిరాకీ ఎక్కియ్యవ్, తోడు లేంది పోవు."

"నేను మునిగినంత సేపు ఏం జేసినవ్?"

చందర్ బల్ల మీది చీమలను చూశాడు. తన చేతిలో సీసాను చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"నీ చొక్కా పట్టుకొని నిలవడ్డ. నువ్వు ఒడ్డెక్కంగనే చెవి నీ చేతిల వెట్టి గుళ్లెకు పోయిన." సీసా మూత బిగించాడు. "ఇగ నీ పక్కన నా జీపు పెట్ట. అక్కకు నువ్వే చెప్పుకో."

వెళ్లిపోయాడు. చందరన్న అట్లాంటి మనిషి కాదని అనిల్ నచ్చజెప్పబోయాడు. చేసేవాడు చెప్పి చేస్తాడా అని పిచ్చయ్య అడ్డం తగిలాడు.

అనిల్ నిట్టూర్చి బల్ల మీది కొత్త డబ్బాల్లో ఒకటి ముందుకు తోశాడు. "అయితే ఇది తీసుకో. కంపెనీలనే మొత్తం మూసేసి వస్తది. రసం గాదు, చీమ గూడ దూరది."

"మూత రాదా?"

"రాదు."

"మరి లోపల మెదడున్నదో గడ్డున్నదో నాకెట్ల తెల్వాలె?"

అనిల్ ఆ డబ్బానే ఇంకాస్త ముందుకు జరిపాడు. ఇంతగా ఇదే తీసుకోమంటున్నాడంటే ఇందులో వీడికేదో ముడుతుందని పిచ్చయ్యకు అక్కడే ఖాయమైపోయింది. బల్ల మీది ఇంకో డబ్బాకు నాలుగు మరలు తీస్తే మూత వస్తుంది. తీయించాడు. ఆకుపచ్చ బిళ్లనూ దాని మీది సన్నటి గీతలనూ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఒక్క ముక్కా అర్థం కాలేదు. తృప్తిగా తలూపి, అదే బిగించమన్నాడు. పోనీ సీటు కింద దాచి పెడతానని అనిల్ అన్నా వినలేదు. తాళం ఉన్నది బానెట్‌కు కదా. ఆ తాళం కూడా మార్చి, ఇంకా పెద్దది వేయించాడు.

మర్నాడు పొద్దున్నే పర్ణశాలకు ఒక్కడే బయలుదేరాడు. తమ్ముడి సంగతి తెలిసిన బతుకమ్మ ఎదురు కూడా రాలేదు. ఇంజను మాత్రం దారంతా కమ్మగా పలికింది. ఈసారి చెవిని మొలతాడుకే ఉంచుకుని గోదావరిలో మునిగాడు. చొక్కా రాయి మీద పెట్టాడు, పోతే చొక్కానే పోతుంది.

తడి పంచెతోనే జీపు దగ్గరికి వచ్చి నాలుగు దిక్కులా చూశాడు. ఎవరూ లేరు. తాళం తీసి, బానెట్ ఎత్తి, కొత్త డబ్బాకు కళ్లు మూసుకుని దండం పెట్టాడు.

"ఇగ నిన్ను ఎవడు ముట్టుకుంటడో సూస్త," అన్నాడు.

కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ ఎప్పటిలాగే దాని నెత్తిన పోశాడు.