పేరొక్కటే కొన్నారు

కొన్నవాళ్లకి గిటార్ల కార్ఖానా అక్కర్లేదు. మిషన్లు అక్కర్లేదు. మనుషులు అసలే అక్కర్లేదు. గిటార్లు ఇకమీదట వేరే ఎక్కడో, వేరే ఎవరో, చవగ్గా చేస్తారు. వాటి తల మీద వేసుకోవడానికి యాభై ఎనిమిదేళ్ల పేరొక్కటి కావాలి. కార్ఖానా పెట్టిన పెద్దాయన పోయాక, ఆయన మనవడు అది అమ్మేశాడు.

భోజనాల గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు కొత్త కంపెనీ లాయరు. పక్కన వాళ్ల గుమస్తా. బల్ల మీద ఒకటే కాగితం. ఆ పేరు మీద మాకు ఏ హక్కూ లేదు, దాన్ని ఇక ఎక్కడా వాడబోము అని దాని సారాంశం. మిగిలిన నలభై ఒక్క మంది పనివాళ్లూ సంతకం పెడితేనే ఎవరికైనా సెటిల్‌మెంటు ఇచ్చేది.

నలభై మంది పొద్దున్నే పెట్టేశారు. మధ్యాహ్నమైనా పెట్టనిది పాలిష్ అక్క ఒక్కతే.

వాళ్ల నాన్న ఇక్కడ మొదటి వడ్రంగి. పెద్దాయన చేతిలో డబ్బూ, నాన్న చేతిలో ఉలీ, ఇద్దరూ కలిసి ఒక రేకుల షెడ్డులో మొదటి గిటారు తీశారు. నాన్నకి చూపు తగ్గాక ఆవిడ పనిలోకి వచ్చింది. ఆ తరం వాళ్లంతా పోయాక, అందరికీ పాలిష్ అక్కే. జీతాల గుమస్తాకైతే టోకెను తొమ్మిది.

గిటారు తల మీద ముత్యపు చిప్పతో పొదిగిన నాలుగక్షరాలుంటాయి. వాటిని మెరిపించడం ఆవిడ పని. మెత్తటి గుడ్డతో తుడిచి, నోటితో ఊది, మళ్లీ తుడిచేది. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆవిడ చెయ్యి పడకుండా ఒక్క గిటారు కూడా గేటు దాటలేదు.

ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందని తీగల సెక్షను వాళ్లు పందాలు కాసుకునేవాళ్లు. పెద్దాయన తొలివలపు పేరని ఒకడు. రేసుల్లో ఆయన్ని ముంచిన గుర్రం పేరని ఇంకొకడు.

"ఆ గుర్రం కనిపిస్తే నా దండాలు చెప్పండ్రా" అని ఆవిడ పడీపడీ నవ్వేది.

ఈరోజు నవ్వడం లేదు. కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివింది. మూడోసారి కూడా చదివింది.

"ఎక్కడా రాయకూడదా అండీ?"

"ఎక్కడా రాయకూడదమ్మా" అన్నాడు లాయరు, వాచీ చూసుకుంటూ.

"ఇంట్లో, నా పుస్తకం మీద రాసుకున్నా తప్పేనా?"

లాయరుకి నవ్వొచ్చింది. "మీ పుస్తకం మీద గిటారు పేరెందుకమ్మా?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. "ఆ పేరు మా నాన్న..."

"మీ నాన్నగారు, మీ మావయ్యగారు, అందరూ ఈ పేరు కోసం కష్టపడ్డవాళ్లే. పొద్దుట్నుంచీ నలభై మంది నాన్నల కథలు విన్నాను." పెన్ను మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ముట్టుకోలేదు.

బయట గేటు మీది ఇనుప అక్షరాలు కోస్తున్నారు. కోత మిషను చప్పుడుకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఒక్కో అక్షరం కింద పడ్డప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడుతోంది.

యూనియన్ లీడరు వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు. ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"అక్కా, పేరు పోతే నీ ఒక్కదానికేనా బాధ? అది మా అందరి పేరూ కాదూ?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "అవున్రా. అందరిదీనూ."

"వచ్చే వారం మా చిన్నదానికి గుండె ఆపరేషను. ఆస్పత్రిలో తేదీ కూడా ఇచ్చేశారు. నీకు తెలీందేముంది?" అతను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు. "నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"ఛ, అవేం మాటలు!" ఆవిడ అతని చెయ్యి నొక్కింది. "పిల్ల కంటే ఎక్కువట్రా ఏదైనా?"

బయట చప్పుడు ఆగింది. నాలుగోది కూడా పడిపోయినట్టుంది.

ఆవిడ కళ్లజోడు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

"ఇంకు ప్యాడ్ ఉందా బాబూ?" అంది గుమస్తాతో.

గుమస్తా తెల్లబోయాడు. "వేలిముద్రా? ఇందాక కాగితమంతా చదివారు కదండీ. సంతకం రాదా?"

"నిన్నటిదాకా వచ్చేది."

"ఏదో ఒకటి వెయ్యనివ్వవయ్యా" అని విసుక్కున్నాడు లాయరు.

ఆవిడ బొటనవేలు ఇంకులో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కింది. తీయడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కొంగుకి వేలు తుడుచుకుని, యూనియన్ లీడరు భుజం తట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

వేలిముద్ర ఎవరిదో పక్కన రాయాలి. పాలిష్ అక్క అని రాస్తే చెల్లదు. గుమస్తా పాత ఉద్యోగుల రిజిస్టరు తెప్పించి, దుమ్ము దులిపి, పెన్ను సిద్ధంగా పట్టుకుని పేజీ తిప్పాడు.

తొమ్మిదో నంబరు ఎదుట ఉన్న ఆవిడ పేరూ, ఇకమీదట ఎక్కడా రాయబోమని ఆ కాగితంలో ఉన్న పేరూ ఒక్కటే.