ఐదు స్టార్ల కారు

"మళ్ళీ తగలడ్డాడు!" అనుకున్నాడు సేల్స్‌మన్.

షోరూం అద్దాల తలుపు తోసుకుని ఆ మనిషి లోపలికి వచ్చాడు. యాభై దాటిన వయసు, నలిగిన చొక్కా, జేబులో కొలత టేపు. ఇలా రావడం వరసగా ఇది మూడో ఆదివారం.

వచ్చినవాడు నేరుగా హాలు మధ్యలో ఉన్న సెడాన్ దగ్గరికి పోయాడు. షోరూం మొత్తానికి అంతకంటే ఖరీదైన బండి లేదు. పొద్దున్నుంచి తుడిచి తుడిచి మెరిపించిన తలుపు మీద ఐదు వేళ్ళూ ఆనించాడు.

సేల్స్‌మన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకున్నాడు. టీవీ ముందు సోఫాలో పిల్లల డాక్టరమ్మ కూర్చుని ఉంది. నెల రోజులు నాన్చి నాన్చి, ఆ సెడాన్ కొనడానికి ఇవాళే సంతకం పెట్టడానికి వచ్చింది.

"చూడండి మేడమ్, దీన్ని ఎలా పరీక్ష చేశారో" అంటూ టీవీ పెట్టాడు.

తెర మీద కారు దూసుకొచ్చి గోడను గుద్దుకుంది. ముందు భాగం అప్పడంలా నలిగిపోయింది. లోపలి బొమ్మ మనిషి మాత్రం చెక్కు చెదరలేదు.

"ఎదురుగా గుద్దినా భద్రతకి ఐదు స్టార్లే, పక్కనుంచి గుద్దినా ఐదు స్టార్లే. తలుపుల పక్కన పైకప్పుని మోసే ఈ స్తంభాల్లో ఉక్కు ఏనుగు తొక్కినా వంగదు."

"బాబూ, ఆ బొమ్మని బయటికెలా తీశారు?" అని వెనకనుంచి వినపడింది.

"ఏమిటీ?"

"గుద్దుకున్నాక... తలుపు తెరుచుకోకపోతే ఎలా తీశారూ అని."

"బొమ్మే కదండీ! దానికేం తొందర?"

డాక్టరమ్మ వెనక్కి తిరక్కుండానే నవ్వింది. సేల్స్‌మన్‌కి ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ కాగితాల్లో తల దూర్చగానే ఆ మనిషిని పక్కకి తీసుకుపోయాడు.

"అసలు మీకేం కావాలి సార్? కారు కొంటారా?"

"నేనా? ఏడు జన్మలెత్తినా కొనలేను."

"మరి?"

"ఈ స్తంభంలో గట్టి ఉక్కు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉందో చెబితే చాలు. బ్యాటరీ తీగ ఎటు పోతుందో కూడా. కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"అది తెలుసుకుని మీరేం చేస్తారండీ?"

"అదే చెప్పబోతున్నా. నేను..."

ఇంతలో ఫోన్ మోగింది. మేనేజరు. "సంతకం అయిందా, లేదా?"

"అయిపోతోంది సార్, అయిపోతోంది!"

ఫోన్ పెట్టేసి చూస్తే ఏముంది? ఆ మహానుభావుడు నేల మీద చతికిలబడి తలుపు అంచు కొలుస్తున్నాడు!

"లేవండి ముందు! కార్లు దొంగిలించేవాళ్ళు కూడా ఇంతలా కొలతలు తీసుకోరు."

"ఒక్క నిమిషం నా మాట విను బాబూ..."

"మూడు వారాలుగా వింటూనే ఉన్నాను. ఆ వివరాలు కారు కొన్నవాళ్ళకే ఇస్తాం. దయచేయండి."

నిజానికి ఆ వివరాలున్న పటం సొరుగులోనే ఉంది. తీసిస్తే అతని సొమ్మేం పోదు. విసుగు చెయ్యి కదలనివ్వలేదు, అంతే.

ఆ మనిషి టేపు చుట్టుకుని లేచాడు. కోపమైనా తెచ్చుకోలేదు. దాంతో సేల్స్‌మన్‌కి ఒళ్ళు మరింత మండింది. ఈసారి ఈ పెద్దమనిషి వస్తే తలుపు తియ్యొద్దని వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పాడు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. పీడ విరగడైంది.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం మేనేజరు పిలిచాడు.

"మన డాక్టరమ్మ కారుని లారీ గుద్దిందట. కారు తుక్కయింది, మనిషి దక్కింది. పువ్వులు పట్టుకెళ్ళు. మన స్టార్ల గురించి ఆవిడ చేత రెండు మంచి మాటలు రాయించుకురా."

ఆసుపత్రి గదిలో ఆవిడ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. ముఖం మీద గీత కూడా పడలేదు. సేల్స్‌మన్ ఛాతీ ఉప్పొంగింది.

"నేను చెప్పలేదా మేడమ్! ఉక్కంటే ఉక్కే!"

ఆవిడ దుప్పటి వైపు చూసింది. అతనూ చూశాడు. కుడి మోకాలి కింద దుప్పటి పరుపుకి అంటుకుపోయి ఉంది.

చేతిలో పువ్వులు ఎక్కడ పెట్టాలో అతనికి తోచలేదు.

"కారు మంచిదేనయ్యా. నన్ను బతికించింది. కానీ పాదం పెడల్ దగ్గర ఇరుక్కుంది. తలుపు రాలేదు."

అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే అదే నలిగిన చొక్కా!

సేల్స్‌మన్ ఒక్క అంగలో గుమ్మం దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు.

"ఇక్కడికి కూడా దాపురించారా? నడవండి బయటికి! ఆవిడకి ఒంట్లో బాగాలేదు, మీ ప్రశ్నలు ఇక్కడొద్దు."

ఆ మనిషి అతన్ని గుర్తుపట్టాడు. 

"మళ్ళీ వస్తాలేమ్మా" అని వెనుదిరిగాడు.

"ఆగండి అన్నయ్యా, లోపలికి రండి" అంది డాక్టరమ్మ. తర్వాత సేల్స్‌మన్ వైపు తిరిగింది.

"ఫైర్ స్టేషన్‌లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీసే జట్టుకి ఈయనే పెద్ద. గంటన్నర సేపు నాకు ధైర్యం చెబుతూనే కారు కోశారు. ఆ ఉక్కుకి రెండు బ్లేళ్ళు విరిగాయి. ఎక్కడ కొయ్యాలో తెలిసుంటే పావుగంట పని, నా కాలు దక్కేది. ముందే కంపెనీవాళ్ళని అడగాల్సింది కదా అన్నయ్యా అంటే, 'సరిగ్గా అడగడం నాకు చేతకాలేదమ్మా' అని తప్పంతా తన నెత్తినే వేసుకుంటున్నారు."