కింది ఊరిదాకా

"ఏయ్ కూలీ! ఇటు రా!"

జీవానందం చప్పట్లు కొట్టి పిలిచాడు.

కొండదారి పక్కన రాయి మీద ఒంటరిగా కూర్చున్న ముసలాయన తల తిప్పి చూశాడు. మంకీ క్యాపు, మాసిన కోటు, మోకాళ్ల దాకా బురద.

సింగలీలా నేషనల్ పార్కులో ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బే. ఈ పక్క మన దేశం, ఆ పక్క నేపాల్ అని డ్రైవర్ పెంబా చూపించాడు గానీ, రెండు పక్కలా తెల్లటి పొగమంచు తప్ప షారన్‌కు ఏమీ కనిపించలేదు. మంచుకొండా కనిపించలేదు. తిరుగుదారిలో జీపు బురదలో కూరుకుపోయింది. కింది ఊళ్లో ఇంకో జీపు దొరుకుతుంది, అంతదాకా నడవండి అని పంపించి, పెంబా జీపు దగ్గరే ఉండిపోయాడు.

షారన్ కావలిలో హిందీ టీచరు. దసరా సెలవుల్లో కడుపారా నిద్రపోవాలనుకుంది. బిట్రగుంట రైల్వేలో పనిచేసే మొగుడు జీవానందమేమో, పాసు మురిగిపోతుందని తల్లినీ పెళ్లాన్నీ బయల్దేరదీశాడు. రైలు దిగి రైలు, ఆపైన జీపు. ఇప్పుడామెకు కొండా వద్దు, మంచూ వద్దు. ఎక్కడో ఒక మంచం కనిపిస్తే చాలు.

అత్త క్యాథరిన్ అప్పటికే రోడ్డు పక్కన కూలబడింది. సొంతూరు బోగోలు దాటి ఎరగని మనిషి. పెదాలు నల్లబడుతున్నాయి.

"నా వల్ల కాదు అబ్బయ్యా. ఊపిరి ఆడటంలా."

ముసలాయన లేచి వచ్చాడు. జీవానందం ముందుకు తోసిన బ్యాగుల వంక చూడనే లేదు. క్యాథరిన్ ఎదురుగా గొంతుకూర్చుని ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. వెనక్కి తిరిగి వీపు వంచాడు.

"సామాను మోయమంటే మా అమ్మని ఎత్తుకుంటాడేంది?"

"పోనీండి. బ్యాగులు మనం మోద్దాం," అంది షారన్. అంతకుమించి మాట్లాడే ఓపిక ఆమెకు లేదు.

సన్నగా చినుకు మొదలైంది. ముసలాయన కాస్త దూరం దిగి ఆగాడు. ఆయాసపడుతూనే ఏదో అడిగాడు.

"ఏమంటా ఉండాడమ్మాయ్?"

"ఊపిరి ఆడతా ఉందా అంటున్నాడత్తా."

"ఆడతా ఉండాది నాయనా. నీ నడుం జాగర్త."

మళ్లీ కాస్త దూరం. మళ్లీ అదే ప్రశ్న. ఆమె బదులు పలికేదాకా అడుగు వేయడు. పలకడం ఆలస్యమైతే గాభరాగా మెడ తిప్పుతాడు.

"ఏమయ్యా, మాటిమాటికీ నిలబడితే చీకటి పడతాది. చలో, చలో!" కసిరాడు జీవానందం.

ఆయన పట్టించుకోలేదు. క్యాథరిన్‌కు మాత్రం సంగతి అర్థమైంది. తన గొంతు వినపడుతుంటే ఈ మనిషి ఆగడు. ఇక ఆపకుండా చెప్పుకుంటూ పోయింది. రొయ్యల గుంటలు, తుఫానుకు లేచిపోయిన ఇంటి రేకులు, పోయినేడు తప్పిపోయిన మేకపిల్ల. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయన "హా మాంజీ, హా మాంజీ" అని, అవునమ్మా అన్నట్టు తలూపుతూ దిగాడు. ఆమె మాట్లాడినంతసేపూ ఆయన కాళ్లు తడబడలేదు.

కింది ఊళ్లో టీకొట్టు బెంచీ మీద ఆమెను దించాడు. వేణ్ణీళ్లు అడిగి తెచ్చి, దగ్గరుండి తాగించాడు. జీవానందం డబ్బులివ్వబోతే చేతులు జోడించి వెనక్కి జరిగాడు. అలాగని పోలేదు. క్యాథరిన్ పెదాలకు రంగు తిరిగేదాకా చూస్తూ అక్కడే నిలబడ్డాడు.

"చాల్లేదేమో. అందుకే కదల్లా," అన్నాడు జీవానందం.

ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. వాన నీళ్లేమో అనుకుంది షారన్. ఆయన మాట్లాడిన హిందీ ఆమెకు వచ్చు. పేరేమిటని ఒక్క మాట అడిగితే అయిపోయేది. ఇంతలో జీపు వచ్చింది. సీట్లో కూలబడగానే ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

ఇల్లు చేరి, సముద్రపు గాలి తగిలాక క్యాథరిన్ తేరుకుంది. చర్చిలో కనిపించిన వాళ్లందరికీ అదే చెప్పింది.

"కన్నకొడుకు బ్యాగులు మోసినాడు. ముక్కూ మొగం తెలీని మనిషి నన్ను మోసినాడు."

క్రిస్మస్ దగ్గర పడుతుంటే కావలి నుంచి మందపాటి రగ్గు ఒకటి తెప్పించింది.

"దీన్ని ఆయనకి పంపించమ్మాయ్. ఆ చలిలో కూలి చేసుకునే మనిషి."

"పేరు కూడా తెలీదు గదత్తా."

"ఆ జీపబ్బాయికి ఫోన్ చెయ్యి. ఆ కొండల్లో ఒకరికొకరు తెలీకుండా ఉంటారా?"

షారన్ హిందీలో అడిగింది. ఫలానా రోజు మీ జీపు కూరుకుపోయింది గదా, మా అత్తను ఒక కూలీ మోసుకొచ్చాడు, ఆయన ఊరూ పేరూ కావాలి.



"టీకొట్టు వాళ్లు చెప్పారు. ఆయన కూలీ కాదు మేడం," అన్నాడు పెంబా. "మీలాగే దూరం నుంచి వచ్చినాయన. కటక్‌లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు."

షారన్ తలుపు పట్టుకుని నిలబడింది.

"మరి ఆ వానలో... ఒక్కరే అక్కడ..."

"ఏమంటా ఉండాడు? పేరు చెప్పినాడా?" రగ్గు ఒళ్లో పెట్టుకుని అడుగుతోంది క్యాథరిన్.

ఫోన్లో పెంబా గొంతు తగ్గించాడు.

"నిరుడు భార్యతో వచ్చారు మేడం. అక్కడే ఆవిడకి ఊపిరాడకపోతే, ఏ బండీ ఆగకపోతే, ఆయనే వీపున ఎత్తుకుని ఆ దారంతా దిగారు. కిందికొచ్చి దించేసరికి ఆవిడ లేదు."