గుండీల మిషను

"ఆగరా!" అంటూ పార్లమెంటు సభ్యుడైన బావ కారు దిగేలోపే బామ్మర్ది సుత్తితో మూడో దెబ్బ వేశాడు. గుండీలకు బెజ్జాలు పొడిచే మిషను మెడ విరిగి పక్కకు ఒరిగింది. ఆ చప్పుడుకు రెండు వీధుల అవతల పడుకున్న పిల్లి కూడా లేచి సెల్యూట్ కొట్టిందని చూసినవాళ్ల మాట.

"పగలగొట్టేశా బావా! మన నెత్తినెక్కి కూర్చున్న ఆ దేశంతో ఇక బేరాలే వద్దని నువ్వు చట్టం చేయించావు. నీ బామ్మర్దినై ఉండి, వాళ్ల మిషను మీద బతకనా?"

వెనకాల అతని భార్య నెత్తి కొట్టుకుంది. "రేపు చొక్కాల కంపెనీకి గుండీలెలా ఇస్తావయ్యా? మనకు కూడు పెట్టేది అదొక్కటేగా!"

"నీ బుర్రలో ఏముందిరా?" అన్నాడు బావ. "చట్టం ఇకమీదట వచ్చే సరుక్కి. ఉన్నదాన్ని ఎవడు పగలగొట్టమన్నాడు?"

"మరి కొత్తవి రావుగా?"

బావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రావు. అందుకేగా చట్టానికి ముందే ఓడెడు దింపించాను! మా గోదాము నిండా మిషన్లే. బయటివాళ్లకైతే మూడింతల ధర. నీకు కాబట్టి రెట్టింపుకే ఇస్తాను."

"అవీ... ఆ దేశానివేనా?"

"ఇంకెక్కడివిరా? అంత బాగా ఇంకెవడు చేస్తాడు?"

బామ్మర్ది బావ మొహంలోకి చూశాడు, చీకట్లో మెత్తగా ఏదో తొక్కి, ఏం తొక్కాడో అప్పుడే తెలిసినవాడిలా. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"చెంబుడు నీళ్లు తేవే, నోరు కడుక్కోవాలి. నిన్న ఊరంతా తిరిగి ఈయనకు జేజేలు కొట్టింది దీంతోనే."