ఎనభై ఏడో పాట

పెన్‌డ్రైవ్ మొదటిసారికి దూరదు. తిప్పి పెడితే అప్పుడూ దూరదు. మళ్ళీ మొదట పెట్టినట్టే పెడితే మాత్రం ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్ళిపోతుంది. దీన్ని తయారుచేసినవాడికి ఓ మాట చెప్పే చుట్టాలెవరూ లేరా అని బిరిబో రోజూ సాయంత్రం స్టీరింగ్‌ని అడుగుతాడు. స్టీరింగ్ ఏం చెబుతుంది?

సముద్రం మధ్య తరావా దీవిలో ఉన్నది ఒకటే రోడ్డు. దాని వెంట వచ్చేపోయే నలుగురికీ సొంత కారులో పాటలు వింటూ కనబడటమంటే మత్స్యశాఖ గుమాస్తాకి మాటలు కాదు. అందుకే సాయంత్రం కాగానే ఇంటిల్లిపాదీ తలలు దువ్వుకుని కారెక్కుతారు.

"బెల్టులు పెట్టుకోండి" అంటుంది భార్య రోటియా. అందరూ పెట్టుకుంటారు.

కారు జపాన్‌లో ఎవరో వాడి అమ్మేసింది. స్టీరియో తెర మీద అన్నీ జపాన్ అక్షరాలే. ఆన్ చెయ్యగానే లోపలి నుంచి ఓ ఆడమనిషి ఆ భాషలో ఏదో మర్యాదగా అంటుంది.

"మౌరి, మౌరి! నువ్వూ బాగున్నావా తల్లీ?" అని వెనకసీట్లోంచి పలకరిస్తుంది అత్తగారు తెరేతియా. అల్లుణ్ణి ఆవిడ ఇంత ప్రేమగా ఎప్పుడూ పలకరించలేదు.

ఆన్ చేసినప్పుడల్లా స్టీరియో మొదటి పాట నుంచే మొదలుపెడుతుంది. బిరిబోకి కావలసింది ఎనభై ఏడోది. అది వాళ్ళన్న తియోన్ పాడింది. ఓడలో వంటవాడిగా ఉన్నప్పుడు, కేబిన్‌లో యుకలేలీ వాయిస్తూ పాడి, ఈ పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపాడు. తర్వాత ఓడ వచ్చింది. అన్న రాలేదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. కాపీ చేద్దామని ఆఫీసు కంప్యూటర్‌కి పెడితే మూడు రోజులు మత్స్యశాఖ మొత్తం పడకేసింది. ఇంకోసారి పెడితే ఉద్యోగం ఉండదన్నారు.

కాబట్టి రోజూ ఎనభై ఆరుసార్లు బటన్ నొక్కాలి. నొక్కనిచ్చేదెవరు?

"ఆగాగు! ఆ కీర్తన నాది" అంది అత్తగారు.

"అమ్మమ్మా, నిన్న మూడుసార్లు విన్నాం" అంది పద్నాలుగేళ్ళ కూతురు మేరే.

"దేవుడు రోజూ వింటున్నాడు. నీకేం రోగం?"

కీర్తన అయింది. బిరిబో నొక్కుతూ ఇరవై రెండు దాకా వచ్చాడు.

"ఉంచయ్యా, అది మన పెళ్ళిలో పాట" అంది రోటియా.

"మన పెళ్ళిలో కరెంటు పోయింది కదే. ఏ పాటా వెయ్యలేదు."

"వెయ్యాల్సింది అదే. ఇప్పుడు వెయ్యి."

వేశాడు. అడ్డంగా పంది వస్తే హారన్ కొట్టాడు. పక్క నుంచి సైకిళ్ళు కూడా దాటిపోతున్నాయి. బిరిబో తొందరపడే మనిషి కాదు. ఈ ఏడాది అతని కారుకి ఒక్క గీత పడలేదు, ఒక్క జరిమానా రాలేదు.

చివరికి ఎనభై ఏడు వచ్చింది. అన్న గొంతు సవరించుకున్నాడు. "ఒరే బిరిబో, విను" అన్నాడు. యుకలేలీ మొదలైంది.

"బావా!"

రోటియా తమ్ముడు కైటారా. మినీబస్సు రోడ్డు పక్కన ఆపి, నడుచుకుంటూ వచ్చి కారుని అందుకున్నాడు. కిటికీలో మోచేతులు ఆనించాడు. ఆ దీవిలో చుట్టం నోరు తెరిచి "బుబుటి" అని ఏదైనా అడిగితే ఇచ్చి తీరాలి. కాదన్నవాడు మళ్ళీ ఊరి సభలో తలెత్తుకుని కూర్చోలేడు.

"ఏం పాట బావా, ఏం పాట! చెవుల్లో తేనె పోసినట్టుంది."

బిరిబో సౌండ్ తగ్గించాడు. పెన్‌డ్రైవ్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"బస్సెలా ఉంది?" అన్నాడు.

"గుర్రంలా ఉరుకుతోంది. పాటల్లేవు, అదొక్కటే లోటు. పాటల్లేని బస్సు ఎవడెక్కుతాడు? నిన్నొక ముసలాయన ఎక్కి, కాసేపు చెవి పెట్టి విని, దిగిపోయాడు."

"ఇందులోవన్నీ పాతవి."

"పాతవే కావాలి."

"వైరస్ కూడా ఉంది."

"నా బస్సుకి జ్వరం రాదులే."

బిరిబో భార్య వంక చూశాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఈ మూడు నిమిషాల్లో సముద్రం ఆవిడకి చాలా నచ్చింది.

"అడుగుతున్నాడుగా అల్లుడూ. నా కొడుకేమైనా పరాయివాడా?" అంది అత్తగారు.

"ఇందులో మా అన్న ఉన్నాడు" అన్నాడు బిరిబో.

"ఆయన్ని రోజూ బెటియో దాకా తిప్పి తీసుకొస్తాగా బావా. ఇక్కడ మీ నలుగురి మధ్యా ఆయనకి మాత్రం ఏం తోస్తుంది?"

కైటారా నిటారుగా నిలబడ్డాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"బావా, బుబుటి."

అన్న రెండో చరణంలో ఉన్నాడు. మహా అయితే ఇంకో నిమిషమున్నర. అయ్యా, అమ్మా, ఇది చదువుతున్న మీలో ఎవరికైనా కాదనడానికి మర్యాదైన సాకు ఒక్కటి తోస్తే, పాట అయిపోయేలోగా చెప్పి పుణ్యం కట్టుకోండి. కిందటి క్రిస్మస్‌కి ఈ కారు నాలుగు చక్రాలనీ, మొన్న ఈస్టర్‌కి ఇంజన్నీ ఇదే బావమరిది ఇలాగే టోపీ తీసి అడిగినప్పుడు, బిరిబోకి ఒక్కటీ తోచలేదు మరి.